దూరవిద్య ఎంఎస్‌డబ్ల్యూలో ఫీల్డ్‌వర్క్: వారం వారమా, ఒకే విడతగానా, పనిచేసే చోటేనా?

దూరవిద్యలో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేరడానికి వచ్చేవాళ్లు ఫీజు సంగతి తెలుసుకున్నాక రెండో మాటగా అడిగేది ఒకటే: "ఫీల్డ్‌వర్క్ కచ్చితంగా చేయాలా మేడమ్?"

అలా అడగడం తప్పేమీ కాదు. వాళ్లలో ఒకరు అంగన్‌వాడీ టీచర్. ఒకరు ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతారు. ఒకమ్మాయి ఆసుపత్రి రిసెప్షన్‌లో పనిచేస్తుంది. ఇంకొకామె పెళ్లయిన పదేళ్లకు మళ్లీ పుస్తకం పట్టింది. ఆదివారం స్టడీ సెంటర్‌కు రావడమే వాళ్లకు గగనం. పుస్తకాలైతే పిల్లలు పడుకున్నాక చదువుకోవచ్చు. ఫీల్డ్‌వర్క్ అలా కాదు, మనుషులు మెలకువగా ఉన్నప్పుడు వాళ్ల దగ్గరికి వెళ్లి చేయాల్సిందే.

నేను గుంటూరు వైపు ఒక స్టడీ సెంటర్‌లో పదకొండేళ్లుగా ఫీల్డ్‌వర్క్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. ఫీల్డ్‌వర్క్ ఎలా నడపాలో తేల్చుకోవాల్సిన కోఆర్డినేటర్లకూ, తమకు ఏది కుదురుతుందో ఎంచుకోవాల్సిన విద్యార్థులకూ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను. ఏజెన్సీ (మీరు ఫీల్డ్‌వర్క్ చేసే సంస్థ) పేరు చూసి ఎంచుకోకండి. ఇంటికి ఎంత దగ్గరో చూసి కూడా ఎంచుకోకండి. వారం వారం మీ ఫీల్డ్‌వర్క్ డైరీ చదివి, గంటసేపు మీతో కూర్చునే మనిషి ఎక్కడ దొరుకుతారో అక్కడ చేయండి. రోజులు, బస్సులు, సెలవులు అన్నీ ఆ గంట చుట్టూ సర్దుకోవచ్చు.

ముందు గంటల లెక్క

పద్ధతి ఏదైనా ముందు కాగితం మీద లెక్క వేసుకోవాలి. చాలామంది ఈ పని పరీక్షల ఫీజు కట్టేటప్పుడు చేస్తారు. అప్పటికి సర్దుబాటుకు రోజులే మిగలవు.

ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటలు. అందులో చదవడం, రాయడం, క్లాసులు, అసైన్‌మెంట్లు అన్నీ కలిసే ఉంటాయి. ఏడాదికి ప్రాక్టికల్స్‌కు 10 క్రెడిట్లు అనుకుందాం, 300 గంటలు. డైరీ రాయడానికి, సూపర్‌వైజర్‌తో మాట్లాడటానికి, రిపోర్టుకు అందులో మూడోవంతు తీసేస్తే ఫీల్డ్‌లో గడపాల్సినవి 200 గంటలు. రోజుకు ఐదు గంటల చొప్పున 40 రోజులు. వారానికి ఒకరోజు వెళ్తే 40 వారాలు పడుతుంది. రెండు రోజులు వెళ్తే 20 వారాలు. వారానికి ఆరు రోజులు కూర్చుంటే ఏడు వారాల్లోపే అయిపోతుంది. మీ యూనివర్సిటీ హ్యాండ్‌బుక్‌లోని అంకెలు పెట్టి ఇదే లెక్క వేసుకుంటే మీ ఏడాది ఎలా ఉండబోతోందో కళ్లకు కడుతుంది.

ఇంకో మాట. అమెరికాలో గుర్తింపు ఉన్న ఎంఎస్‌డబ్ల్యూకి ఫీల్డ్‌లో కనీసం 900 గంటలు ఉండాలి. ఎప్పటికైనా అక్కడ చదువు కొనసాగించాలనుకునేవాళ్లు ఇక్కడ చేసిన ప్రతి గంటనూ తేదీ, స్థలం, సంతకంతో సహా దాచుకోవాలి. తర్వాత అడిగితే పాత ఏజెన్సీలో మిమ్మల్ని గుర్తుపట్టేవాళ్లు ఉండకపోవచ్చు.

వారం వారం వెళ్లే పద్ధతి

రెగ్యులర్ కాలేజీల్లో ఎక్కువగా నడిచేది ఇదే. వారంలో రెండు రోజులు ఏజెన్సీకి, మిగతా రోజులు క్లాసుకు. దీని బలమంతా మధ్యలో వచ్చే ఖాళీ రోజుల్లో ఉంది. ఆదివారం ఒక ఇంటికి వెళ్లి మాట్లాడి వస్తారు. తాను అడిగిన ప్రశ్న సరైనదేనా, ఆమె ఎందుకు మాట మార్చింది అన్నది వారమంతా బుర్రలో తిరుగుతూనే ఉంటుంది. ఈలోపు కేస్‌వర్క్ (ఒక్కో మనిషితో, కుటుంబంతో విడిగా చేసే పని) పుస్తకం తిరగేస్తారు, సూపర్‌వైజర్‌ను అడుగుతారు. మళ్లీ వెళ్లేసరికి ఆ ఇంట్లోనూ ఏదో ఒకటి మారి ఉంటుంది. తాగుడు మానతానన్న మొగుడు రెండో వారానికే మళ్లీ మొదలుపెడతాడు. బడికి పంపుతానన్న తల్లి మూడో వారం నిజంగానే పంపుతుంది. ఇదంతా చూడాలంటే నెలలు గడవాలి.

ఉద్యోగస్తులకు వచ్చే చిక్కు ఒకటుంది. వాళ్లకు ఖాళీ దొరికేది ఆదివారం, ఆదివారమేమో ఆఫీసులకు సెలవు. దీన్ని అడ్డంకి అనుకోనక్కర్లేదు, ఆదివారం తెరిచి ఉండే చోట్లు చూసుకుంటే చాలు. వృద్ధాశ్రమాలు, బాలల గృహాలు, సంక్షేమ హాస్టళ్లు, పెద్దాసుపత్రి వార్డులు, కాలనీలు, పల్లెలు. పైగా పల్లెల్లో కూలికి వెళ్లేవాళ్లు పగలు ఇంట్లో ఉండరు. పదకొండు గంటలకు వెళ్లిన విద్యార్థికి ముసలివాళ్లు, పసిపిల్లలు తప్ప ఎవరూ కనిపించరు. సాయంత్రం ఐదు తర్వాత ఊరు ఊరంతా అరుగుల మీదే ఉంటుంది. అందుకే ఉద్యోగం చేసే విద్యార్థికి నేను సాధారణంగా ఆదివారం నాలుగు గంటలు, వారం మధ్యలో ఒక సాయంత్రం గంటన్నర రాసిస్తాను. లెక్కకూ సరిపోతుంది, మనుషులూ దొరుకుతారు.

వారం మధ్యలో వెళ్లగలిగినవాళ్లు రోజు చూసుకుని వెళ్లాలి. సోమవారం అధికారులంతా కలెక్టరేట్‌లో అర్జీల దగ్గరే ఉంటారు. తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు. ఆ రోజు ఏజెన్సీకి వెళ్తే సంతకం పెట్టే మనిషి కూడా ఉండరు. కానీ ఒక సోమవారం మాత్రం ఆ అర్జీల వరుసలోనే నిలబడి చూడమని నా విద్యార్థులందరికీ చెబుతాను. జిల్లా మొత్తం కష్టం ఆ వరుసలో కనిపిస్తుంది. ఏపీలో నెల మొదటి తేదీన గ్రామ సచివాలయం సిబ్బంది పింఛన్ల పంపిణీలో ఉంటారు, వాళ్లతో పని పెట్టుకోవద్దు.

ఈ పద్ధతిలో అసలు లోపం వేరే ఉంది. వారానికి ఒకసారి వచ్చేవాళ్లను ఏజెన్సీ చుట్టంలా చూస్తుంది. కుర్చీ వేస్తారు, టీ ఇస్తారు, రిజిస్టర్లు చూపిస్తారు, పంపించేస్తారు. రెండు నెలలైనా విద్యార్థికి తనదంటూ ఒక పని ఉండదు. దీనికి ఒకటే మందు: మొదటి నెలలోనే ఒక గ్రూపును పూర్తిగా విద్యార్థికి అప్పగించాలి. హాస్టల్లో తొమ్మిదో తరగతి అమ్మాయిలు పన్నెండు మంది, ప్రతి ఆదివారం నాలుగింటికి. విద్యార్థి రాకపోతే ఆ అమ్మాయిలు ఎదురుచూస్తారు. ఆ ఎదురుచూపే విద్యార్థిని కదిలిస్తుంది, నా హాజరు పట్టీ కాదు.

ఒకే విడతగా చేసే పద్ధతి

సెలవు పెట్టి నెలో నెలన్నరో ఏజెన్సీలోనే కూర్చోవడం. ఏజెన్సీ పని లోపలినుంచి చూడాలంటే ఇంతకన్నా మంచి దారి లేదు. పొద్దున సిబ్బంది మీటింగ్ మొదలుకొని సాయంత్రం రిపోర్టు దాకా అన్నీ కనిపిస్తాయి. నాలుగో రోజుకల్లా చుట్టంలా చూడటం మానేసి పని చెప్పడం మొదలుపెడతారు. ఇంటికి దూరంగా ఉన్న మంచి సంస్థకు వెళ్లాలన్నా ఇదే దారి. అనంతపురంలో 1969 నుంచి పనిచేస్తున్న ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) లాంటి పెద్ద సంస్థలో పల్లెపల్లెకూ పని ఎలా చేరుతుందో వారానికి ఒకరోజు బస్సెక్కి వెళ్లి చూసేది కాదు.

అయితే ఆరు వారాలంటే ఒక కుటుంబం మీ ముందు నోరు విప్పడానికి పట్టే కాలం. సరిగ్గా నమ్మకం కుదిరే వేళకు మీరు సామాన్లు సర్దుకుంటారు. ఇది మీకు నష్టమే, వాళ్లకు ఇంకా ఎక్కువ నష్టం. విడతగా చేసేవాళ్లు లోతైన కేస్‌వర్క్ జోలికి పోకుండా, మొదలూ చివరా ఉన్న పని ఎంచుకోవాలి. ఒక సర్వే కావచ్చు, ఒక అవగాహన కార్యక్రమం కావచ్చు, బడి మానేసిన పిల్లల జాబితా తయారు చేసి హెడ్‌మాస్టర్‌కు అప్పజెప్పడం కావచ్చు.

నెల ఎంపిక కూడా తేలిగ్గా తీసుకోకూడదు. టీచర్లు మే నెల అడుగుతారు, వాళ్లకు సెలవులు కనుక. కానీ మేలో బడులుండవు, హాస్టళ్లు ఖాళీ, మధ్యాహ్నం గడప దాటలేని ఎండ, ఏజెన్సీలో సగం మంది సెలవులో ఉంటారు. పిల్లల చదువు మీద పనిచేయాలనుకుంటే జూన్ బంగారం లాంటి నెల. తెలంగాణలో పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట నడిచేది అప్పుడే, ఊళ్లో ప్రతి ఇంటికీ వెళ్లే వీలుంటుంది. సెప్టెంబర్ పోషణ మాసం. అంగన్‌వాడీల్లో రోజుకొక కార్యక్రమం ఉంటుంది, నేర్చుకోవచ్చు. అయితే ఆ నెలంతా ఫొటోలు, అప్‌లోడ్‌లతోనే గడిచిపోయే ప్రమాదం ఉంది. అక్కడికి వెళ్లే విద్యార్థికి ఒకే షరతు పెడతాను: బరువు తక్కువున్న ఇద్దరు పిల్లల ఇళ్లకు నెలంతా వెళ్లి, ఆ ఇంట్లో ఎవరు ఎప్పుడు ఏం తింటున్నారో రాయాలి.

ఒక డైరీ పేజీ

సూపర్‌వైజర్ గంట గురించి ఎందుకింత పట్టుబడుతున్నానో ఒక పేజీ చూపిస్తే తెలుస్తుంది. రాసినామె మండల కేంద్రంలో ప్రైవేటు టీచర్. వారం వారం ఒక పల్లెకు వెళ్లేది. మొదటిసారి తెచ్చిన డైరీలో ఇలా ఉంది:

"క్లయింట్ వృద్ధురాలు. వేలిముద్ర పడక రేషన్ అందడం లేదు. ఆమెకు ధైర్యం చెప్పి కౌన్సెలింగ్ ఇచ్చాను. క్లయింట్ సంతృప్తి చెందింది."

ఇలాంటి నాలుగు వాక్యాలు ఏడాదికి కొన్ని వందలు చదువుతాను. సంతకం పెట్టి పంపేయొచ్చు కూడా. పెట్టకుండా, ఆమె ఏ మాట అందో, నువ్వు ఏ మాట అన్నావో గుర్తున్నంతవరకు వరసగా రాసుకురమ్మన్నాను. తర్వాతి వారం వచ్చిన పేజీ ఇది:

"నేను: అమ్మమ్మా, మళ్లీ ఒకసారి వెళ్లి వేలు పెట్టి చూడకపోయావా?
ఆమె: మూడుసార్లు పెట్టానమ్మా. పడలేదన్నారు.
నేను: ఈసారి పడుతుందిలే.
ఆమె చేతులు చాపి చూపించింది. మిరపకాయల తొడిమలు తీసిన చేతులమ్మా ఇవి, గీతలెక్కడున్నాయి అంది.
నేను: అలా అనకు, ధైర్యంగా ఉండు.
ఆమె లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది."

చివరి వాక్యం కింద గీత గీసి, ఆ నీళ్లు ఎందుకు తెచ్చిందనుకుంటున్నావని అడిగాను. ఆ అమ్మాయి చాలాసేపు ఆలోచించింది. "ఇక మాట్లాడాల్సింది లేదని తెచ్చింది మేడమ్" అంది. అంతే, ఆ రోజు మా గంట అయిపోయింది. తర్వాతి వారం ఆమె ఆ ఇంటికి ధైర్యం చెప్పడానికి వెళ్లలేదు. ముందు సచివాలయానికి వెళ్లి, వేలిముద్ర పడనివాళ్లకు వేరే దారి ఏముందో కనుక్కుని, ముసలామెను వెంటబెట్టుకుని రేషన్ షాపుకు వెళ్లింది. ఆ కాలనీలో అదే ఇబ్బంది ఉన్నవాళ్లు ఇంకా ఉన్నారని వరుసలో నిలబడినప్పుడు తెలిసింది. ఏడాది చివరికి అదే ఆమె కమ్యూనిటీ పని అయింది.

ఆ రెండు పేజీల మధ్య పనిచేసింది వారం రోజుల ఖాళీ, చదివి అడిగిన ఒక మనిషి. ఈ రెండూ ఉన్నచోట ఏ పద్ధతైనా నడుస్తుంది.

సూపర్‌వైజర్ ఎక్కడుండాలి

ఏజెన్సీలోనే ఎంఎస్‌డబ్ల్యూ చదివిన మనిషి ఉండి, సూపర్‌విజన్‌కు ఒప్పుకుంటే వెతుకులాట ఆపేయండి. పని జరిగిన రోజే దాని గురించి మాట్లాడుకునే అవకాశం మరెక్కడా రాదు. కానీ మన మండలాల్లో ఇది అరుదు. సంస్థ నడిపేవాళ్లకు ముప్పై ఏళ్ల అనుభవం ఉంటుంది, సోషల్ వర్క్ పుస్తకం భాష ఉండదు. అలాంటిచోట బాధ్యత ఇద్దరి మధ్య పంచుకోవాలి. పని చూపించడం, హాజరు, భద్రత ఏజెన్సీ మనిషి చూస్తారు. డైరీ చదవడం, ప్రశ్నించడం, మార్కులు స్టడీ సెంటర్ సూపర్‌వైజర్ చూస్తారు. ఈ పంపకం మొదటి రోజే ముగ్గురూ కూర్చుని ఒక కాగితం మీద రాసుకోవాలి. మాటల్లో వదిలేస్తే డిసెంబర్ వచ్చేసరికి ఇద్దరూ అవతలివాళ్లే చూస్తున్నారని అనుకుంటారు.

ఫోన్లో సూపర్‌విజన్ సరిపోతుందా అని కోఆర్డినేటర్లు అడుగుతారు. సగం సరిపోతుంది. విద్యార్థి డైరీ పేజీని రాసిన రాత్రే ఫొటో తీసి పంపాలి, నేను చదివాక మాట్లాడాలి. చదవకుండా "ఎలా జరుగుతోంది?" అంటే "బాగానే ఉంది మేడమ్" అన్న జవాబే వస్తుంది. ఆ పేజీలో క్లయింట్ అసలు పేరు, ఊరు ఉండకూడదు, వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. నెలకు ఒకసారి మాత్రం ఐదారుగురు విద్యార్థులు ఎదురెదురుగా కూర్చోవాల్సిందే. దూరవిద్యలో విద్యార్థికి తోటివాళ్లే ఉండరు. తాను తడబడిన చోటే ఇంకొకరూ తడబడ్డారని తెలిస్తే సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది. ఆదివారం క్లాసు అయ్యాక ఒక గంట ఆపుకుంటే చాలు.

ఒక సూపర్‌వైజర్‌కు ఎంతమంది? నా అనుభవంలో పదిమంది దాటితే డైరీలు చదవడం ఆగిపోతుంది, సంతకాలు మొదలవుతాయి. సెంటర్‌లో అరవై మంది చేరి సూపర్‌వైజర్లు ఇద్దరే ఉంటే, ఏ పద్ధతి ఎంచుకోవాలన్న చర్చ పక్కనపెట్టి ముందు ఇంకో నలుగురిని వెతకండి. చుట్టుపక్కల ఐసీటీసీ (హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రం) కౌన్సెలర్లలో, జిల్లా బాలల సంరక్షణ విభాగంలో, స్వచ్ఛంద సంస్థల్లో ఎంఎస్‌డబ్ల్యూ చేసినవాళ్లు ఉంటారు. వెళ్లి అడిగితే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. ఒకప్పుడు వాళ్ల డైరీ కూడా ఎవరో ఒకరు చదివే ఉంటారు.

పనిచేసే చోటే చేస్తానంటే

అంగన్‌వాడీ టీచర్ "మా సెంటర్‌లోనే చేస్తాను" అంటుంది. ఎన్జీఓలో పనిచేసే కుర్రాడు "నేను రోజూ చేసేది ఇదేగా" అంటాడు. మొదట్లో నేను కాదనేదాన్ని. ఇప్పుడు షరతులతో ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే కాదంటే వాళ్లలో సగం మంది చదువే మానేస్తారు.

షరతులు ఇవి. జీతం వచ్చే పనీ ఫీల్డ్‌వర్కూ ఒకటి కాకూడదు. పై అధికారే సూపర్‌వైజర్ కాకూడదు. డ్యూటీ గంటలు ఫీల్డ్‌వర్క్ గంటల్లో కలవకూడదు. ఇది నా ఒక్కదాని పట్టుదల కాదు. అమెరికాలో సోషల్ వర్క్ చదువుకు గుర్తింపునిచ్చే కౌన్సిల్ కూడా 2015 ప్రమాణాల్లో, ఉద్యోగం చేసే చోటే ఫీల్డ్‌వర్క్ చేస్తే పనీ సూపర్‌విజనూ ఉద్యోగంలోవాటికి వేరుగా ఉండాలంది, 2022 ప్రమాణాల్లో దాన్ని కొంత సడలించింది.

ఆచరణలో ఇది కష్టమేమీ కాదు. అంగన్‌వాడీ టీచర్ తన సెంటర్ వదిలి, పక్క ఊళ్లో కిశోర బాలికల గ్రూపుతో పనిచేయవచ్చు. ఆసుపత్రి రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి డ్యూటీ దిగాక రెండు గంటలు వార్డులో, ఇంటినుంచి ఎవరూ రాని రోగుల దగ్గర కూర్చోవచ్చు. నా విద్యార్థుల్లో ఒకతను ఒక సంస్థలో అకౌంటెంట్, ఆరేళ్లుగా బిల్లులు రాస్తున్నాడు. ఆ బిల్లుల వెనకున్న కాలనీకి మొదటిసారి ఫీల్డ్‌వర్క్ కోసమే వెళ్లాడు. అతనికి అంతకన్నా మంచి ఏజెన్సీ నేను వెతికినా దొరికేది కాదు.

షరతులు సడలించిన ఏడాది ఏం జరిగిందో కూడా చెప్పాలి. ఒకామె తాను పనిచేసే సంస్థలోనే, తన పైఅధికారి కిందే ఫీల్డ్‌వర్క్ చేసింది. సంస్థ జాబితాలో ఉన్న లబ్ధిదారుల్లో కొందరికి సాయం అందడం లేదని ఆమెకు ఇంటింటికీ తిరిగినప్పుడు తెలిసింది. ఆ మాట డైరీలో రాయలేకపోయింది. రాస్తే చదివేది ఆయనే. ఏడాదంతా చప్పటి రిపోర్టులు రాసి, వైవా అయ్యాక నాతో చెప్పి ఏడ్చింది. ఆ తప్పు ఆమెది కాదు, అనుమతి ఇచ్చిన నాది.

సొంత ఊరా, పరాయి ఊరా

సొంత ఊళ్లో అందరూ తెలిసినవాళ్లే, తలుపులు తెరిచే ఉంటాయి. కానీ ఏ తలుపు? మీ కులం పేటలో తలుపు తెరుచుకున్నంత తేలిగ్గా అవతలి పేటలో తెరుచుకోదు. పిన్ని కూతురు ఇంట్లో గొడవ మీరు కేస్‌వర్క్‌గా రాయలేరు, రాయనూ కూడదు. వరసలు పెట్టి పిలిచే మనిషి ముందు ఆడవాళ్లు అసలు మాట విప్పరు, సాయంత్రానికి ఊరంతా తెలుస్తుందని భయం. అందుకే మొదటి ఏడాది సొంత ఊరు వద్దంటాను. ఏడెనిమిది కిలోమీటర్ల అవతలి ఊరు చాలు, పేరు అడిగేవాళ్లుంటారు కానీ తాత పేరు అడిగేవాళ్లు ఉండరు.

రాకపోకల ఖర్చు గురించి ఒకప్పుడు ఇలా తెగేసి చెప్పగలిగేదాన్ని కాదు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి, ఏపీలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి వచ్చాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. ఎక్కడికి పంపాలన్నా ముందు బస్సు డబ్బులే అడ్డం వచ్చే అమ్మాయిలకు ఇప్పుడు పక్క మండలం కూడా అందుబాటులోకి వచ్చింది. ఆఖరి బస్సు వేళ మాత్రం కనుక్కుని, దాన్నిబట్టే సాయంత్రం గంటలు రాయండి.

పద్ధతి ఏదైనా తప్పనివి

పద్దెనిమిది నిండని పిల్లలతో పనిచేసే విద్యార్థికి పోక్సో చట్టం గురించి మొదటి రోజే చెప్పి పంపాలి. లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలపడం 2012 నాటి ఆ చట్టం ప్రకారం తప్పనిసరి, తెలపకపోవడం నేరం. అందుకే "ఎవరికీ చెప్పనులే" అని ఏ పిల్లకూ మాటివ్వకూడదు. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆ పిల్లల పేరు, ఊరు, బడి, ఫొటో పత్రికల్లోనో మరో మాధ్యమంలోనో బయటపెట్టకూడదు. హోమ్‌లో పిల్లలతో సెల్ఫీ దిగి స్టేటస్ పెట్టుకున్న విద్యార్థులను నేను చూశాను. చెడ్డ బుద్ధితో కాదు, ఎవరూ ముందు చెప్పలేదంతే.

విద్యార్థుల భద్రత మాట కూడా ఎవరూ ముందుగా ఎత్తరు. పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ట్రైనీలకు, జీతం లేకుండా పనిచేసేవాళ్లకు కూడా వర్తిస్తుంది. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి, చిన్న సంస్థల విషయంలో జిల్లా స్థానిక కమిటీ చూస్తుంది. ఏజెన్సీతో మొదటి మాటల్లోనే కమిటీ ఉందా అని అడగండి. అడిగితే నొచ్చుకునే చోటికి విద్యార్థిని పంపకండి.

ఆసుపత్రి, మానసిక ఆరోగ్యం వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. అనుబంధ ఆరోగ్య వృత్తుల మీద 2021లో వచ్చిన చట్టం జాబితాలో మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు కూడా ఉన్నారు. ఆ ఉద్యోగాలే లక్ష్యమైతే దూరవిద్య డిగ్రీ వాటికి పనికొస్తుందో లేదో యూనివర్సిటీని రాతపూర్వకంగా అడిగాకే ఫీజు కట్టండి.

ఇక ఉత్త సర్టిఫికెట్లు. డబ్బు తీసుకునో మొహమాటానికో నలభై రోజుల హాజరు ఒక్క పూటలో సంతకం పెట్టిచ్చే చోట్లు ప్రతి జిల్లాలోనూ ఉన్నాయి. ఒకే పెన్ను, ఒకే వాలు, ఆదివారాల్లో కూడా ఆఫీసు ముద్ర. నేను అలాంటి పట్టీ చూసినప్పుడు గొడవ పడను. "ఆ ఆఫీసుకు మెట్లెక్కి వెళ్లాలా? రోజూ నీకు తలుపు తీసిందెవరు? ఆమె పేరేంటి?" అని అడుగుతాను. వెళ్లినవాళ్లు టక్కున చెబుతారు. వెళ్లనివాళ్లను మళ్లీ మొదటి రోజు నుంచి చేయమంటాను. ఒక ఏడాది పోతుంది, నిజమే. కానీ రేపు హింసకు గురైన ఆడవాళ్లకు సాయపడే సఖి సెంటర్‌లో కూర్చోబోయేది ఈ మనిషే. దెబ్బలు తిని రాత్రిపూట వచ్చిన ఆడమనిషి ఎదుట కూర్చుని ఏం మాట్లాడాలో ఆ పట్టీ నేర్పదు.

నా ఎంపిక

మా సెంటర్‌లో ఇప్పుడు రెండూ కలిపి నడుపుతున్నాం. మొదట పది రోజులు ఏకబిగిన, తర్వాత 30 వారాలు వారానికొకసారి. మొదటి పది రోజుల్లో ఏజెన్సీకి మనిషి పరిచయమవుతాడు, విద్యార్థికి పని తెలుస్తుంది. ఆ తర్వాతి వారాల్లో మనుషుల జీవితాలు కదలడం కనిపిస్తుంది. పది రోజుల సెలవు ఉద్యోగస్తులు ఎలాగోలా సంపాదిస్తారు. టీచర్లు దసరా సెలవులు అడిగితే పండుగ మూడు రోజులు వదిలి మిగతావి ఇస్తాను.

పదిరోజుల సెలవు కూడా దొరకని వాళ్లకు ఆదివారం, ఒక సాయంత్రం పద్ధతి. ఏడాది చివర ఉద్యోగం మారుతూ మధ్యలో రెండు నెలలు ఖాళీ దొరికినవాళ్లకు ఒకే విడత, అయితే సూపర్‌వైజర్ ప్రతి శనివారం ఫోన్లో ఉంటానని ఒప్పుకుంటేనే. పసిబిడ్డ తల్లులకు వారానికొకసారి, నడిచి వెళ్లగలిగే దూరంలో, ఏడాదిన్నర వ్యవధి అడిగి. కోర్సు పూర్తి చేయడానికి దూరవిద్య ఇచ్చే అదనపు ఏళ్లు ఇలాంటివాళ్ల కోసమే, వాడుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు.

ఎంచుకున్నది కుదరకపోతే మార్చండి, కాకపోతే మూడో వారంలోపు. ఆ మూడు వారాల్లో విద్యార్థిని నేను అడిగేవి రెండే: నీ పేరు గుర్తుపెట్టుకున్న క్లయింట్ ఒక్కరైనా ఉన్నారా, నీ డైరీ ఎవరైనా చదివారా. రెండింటికీ లేదనే జవాబు వస్తే ఆ సాయంత్రమే ఏజెన్సీకి ఫోన్ చేసి, కృతజ్ఞతలు చెప్పి, కొత్త ఉత్తరం టైప్ చేయిస్తాను. చేసిన రోజుల్ని లెక్కలో ఉంచుతాను.